మూతి వంకరకి కరెంటు టెస్టు: ఎన్నో రోజున చేశారు?

ముఖం ఒక పక్క పడిపోయినవాళ్లకి చేసే నరాల కరెంటు టెస్టుతో (చెవి కింద కరెంటు పెట్టి ముఖ కండరాలు ఎంత పలుకుతాయో కొలిచేది) నాకు ఒక పేచీ ఉంది. టెస్టు దొంగదని కాదు, మిషన్లు పనిచేయవనీ కాదు. రిపోర్టులో ఒకే ఒక్క శాతం అచ్చువేసి చేతిలో పెడతారు. ముఖం ఏ రోజున పడిపోయింది, ఏ రోజున కొలిచారు, రేపు మళ్లీ కొలిస్తే ఎంత తేడా రావచ్చు అన్నవి ఎక్కడా ఉండవు. పేచీ అక్కడ.

నేను ప్రెషర్ గేజిలు, థర్మామీటర్లు కాలిబ్రేట్ చేసే, అంటే అవి సరిగ్గా చూపిస్తున్నాయో లేదో తేల్చే పనిలో ఉన్నాను. ఎన్‌ఏబీఎల్ (ల్యాబుల పనికి గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబు ఇచ్చే కాలిబ్రేషన్ సర్టిఫికెట్‌లో ప్రతి అంకె పక్కనా ప్లస్ ఆర్ మైనస్ ఇంత అని ఉండాల్సిందే. లేకపోతే ఆడిటరు ఊరుకోడు. బాయిలరు మీద బిగించే గేజికి ఉన్న ఈ మర్యాద మనిషి ముఖానికి లేకపోవడం మా పిన్ని రిపోర్టులు చూసినప్పటి నుంచీ నన్ను వదలడం లేదు. మొన్న ఒక పాత స్నేహితుడు వాళ్ల నాన్నగారి రిపోర్టు వాట్సాప్‌లో పంపి "ఇది నమ్మొచ్చా?" అని అడిగాడు. అవును, కాదు అని తేల్చేసే ప్రశ్న కాదది. అందుకే ఇంత రాస్తున్నాను.

రెండు రిపోర్టులు, రెండూ నిజమే

మా పిన్నిది తెనాలి. పొద్దున పళ్లు తోముకుని నోరు పుక్కిలిస్తుంటే నీళ్లు ఎడమ పక్క నుంచి కారిపోయాయి. అద్దంలో చూసుకుంటే మూతి కుడివైపు లాగేసి ఉంది, ఎడమ కన్ను మూతపడటం లేదు. రాత్రి బస్సులో కిటికీ పక్కన కూర్చున్నందుకు గాలి కొట్టిందని ఒకరు, పావురం రక్తం రాయాలని ఇంకొకరు. అవి అందరి ఇళ్లలోనూ వినేవే. అదృష్టం బాగుండి ఆ సాయంత్రానికే గుంటూరులో డాక్టరు దగ్గరికి వెళ్లారు. నుదురు ముడవలేకపోతోంది కాబట్టి ఇది మెదడులో వచ్చిన పక్షవాతం కాదు, ముఖ నరానికి వచ్చిన బెల్స్ పాల్సీ అని ఆయన తేల్చి, ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు పది రోజులకి రాశారు. కంటికి పగలు చుక్కలు, రాత్రి ఆయింట్‌మెంటు, పైన టేపు. షుగరు ఉంది కాబట్టి రోజూ చూసుకోమన్నారు.

మర్నాడు ఎవరో చెప్పారని బాబాయి ఆమెని ఒక ల్యాబుకి తీసుకెళ్లి టెస్టు చేయించాడు. రిపోర్టు: రెండు వైపులా ముఖ నరం నార్మల్. ఇంట్లో పండగ. తొమ్మిదో రోజున ఇంకోచోట మళ్లీ చేయించారు. ఈసారి కుడి పక్క 1.8 మిల్లీవోల్టులు, ఎడమ పక్క 0.3. కింద ఒక వాక్యం: 83 శాతం నష్టం, తీవ్రమైనది.

ఇక ఇంట్లో గోల. మొదటి ల్యాబువాడు మోసం చేశాడని ఒక వర్గం. "నార్మల్‌గా ఉన్న నరం ఆ మాత్రలు మింగాకే పాడైంది" అని బాబాయి. కోర్సు ఒక్కరోజులో అయిపోతుందనగా మాత్రలు ఆపేస్తానని కూర్చున్నాడు. షుగరు 280 దాకా పోవడంతో ఆయన అనుమానానికి బలం దొరికింది. "బాబాయ్, ఇంకొక్క రోజు ఆగు" అని ఫోన్లో బతిమాలుకోవాల్సి వచ్చింది.

తమాషా ఏమిటంటే రెండు ల్యాబులూ సరిగ్గానే కొలిచి ఉండొచ్చు.

నరం వెంటనే చావదు

ముఖ నరం చెవి వెనక ఎముకలో సన్నటి గొట్టంలాంటి దారిలో నడిచి, చెవి కింద బయటికొచ్చి ముఖమంతా చీలుతుంది. బెల్స్ పాల్సీలో వాపు వచ్చి నలిగేది ఎముక లోపలి భాగం. టెస్టులో కరెంటు పెట్టేదేమో చెవి కింద, అంటే దెబ్బ తగిలిన చోటుకి ఇవతల. దెబ్బకి ఇవతలున్న నరపు పోగులు మెదడుతో తెగిపోయినా ఇంకో మూడు రోజులు కరెంటుకి పలుకుతూనే ఉంటాయి. నరికిన కొమ్మకి ఆకు అదే రోజు వాడిపోదు కదా, అలాగే. కోసేసిన నరం కోత నుంచి చివరిదాకా క్రమంగా శిథిలమవుతుందని 1850లో ఆగస్టస్ వాలర్ కప్ప నాలుక నరాల మీద చూపించాడు. ఆ క్షీణత ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉంది.

కాబట్టి రెండో రోజు చేసిన టెస్టుకి "నార్మల్" తప్ప ఇంకో జవాబు రావడం కష్టం. నరం పూర్తిగా తెగిపోయినా అదే చెబుతుంది, ఊరికే మొద్దుబారినా అదే చెబుతుంది. ఏం జరిగినా ఒకే జవాబిచ్చే టెస్టు మనకి కొత్తగా ఏమీ చెప్పనట్టే. ల్యాబులో ఎవరైనా "ఎన్ని రోజులైంది?" అని అడిగి ఉంటే డబ్బు మిగిలేది. అంతకంటే ముఖ్యం, ఆ వారం రోజుల అబద్ధపు ధైర్యం, తర్వాత వచ్చిన అబద్ధపు భయం రెండూ ఉండేవి కావు.

అటు చివరా ఒక హద్దు ఉంది. రెండు మూడు వారాలు దాటాక పోగులు మళ్లీ మేలుకోవడం మొదలుపెడతాయి. కానీ అన్నీ ఒకేసారి పలకవు. ఒకటి ముందు, ఒకటి వెనక. మిషను కొలిచేది అన్నీ కలిసి లేపే ఒకే అల ఎత్తుని. పలకడంలో తాళం తప్పితే అలలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. దాంతో ముఖం కాస్త కదులుతున్న మనిషికి కూడా రిపోర్టులో 95 శాతం పోయిందని రావచ్చు. అందుకే ఈ పద్ధతి తెలిసినవాళ్లు నాలుగో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకానే దీన్ని లెక్కలోకి తీసుకుంటారు. పదిరోజుల చిన్న కిటికీ అది.

0.1 మిల్లీవోల్టు మీద నిలబడ్డ గీత

ఈ టెస్టుకి ఇప్పుడున్న రూపం 1970లలో జ్యూరిచ్‌లో ఎస్లెన్, ఫిష్ చేసిన పని నుంచి వచ్చింది. ముక్కు పక్కన, నవ్వితే మడత పడే చోట ఎలక్ట్రోడ్లు అంటిస్తారు. చెవి కింద కరెంటు పెంచుకుంటూ పోతారు. ఇక ఎంత పెంచినా అల పెరగదు అన్నచోట ఇంకొంచెం పెంచి, అప్పుడొచ్చిన అల ఎత్తుని రాసుకుంటారు. రెండు పక్కలా చేసి, జబ్బు పక్కని మంచి పక్కతో భాగిస్తారు. నూటికి ఎంత తగ్గితే అంత నష్టం. మొదటి రెండు వారాల్లో నష్టం 90 శాతం దాటితే ప్రమాదం, దాటకపోతే కోలుకునే అవకాశం చాలా ఎక్కువ. స్థూలంగా సూత్రం ఇది.

ఆ సూత్రం ప్రకారం మా పిన్ని 83 శాతం మంచి వైపు అంకె. కానీ ఆ మాట రిపోర్టులో లేదు, "తీవ్రం" అన్న మాట ఉంది. ఇంట్లోవాళ్లు దాన్ని మార్కుల్లా చదివారు. నూటికి 17 మార్కులొచ్చిన పిల్లాణ్ణి చూసినట్టు ఆమెని చూశారు.

నా వృత్తిలోవాడికి ఇంకో బాధ ఉంది. మంచి పక్క 2 మిల్లీవోల్టులు వచ్చిందనుకుందాం. జబ్బు పక్క 0.25 వస్తే నష్టం 87.5 శాతం. 0.15 వస్తే 92.5. ఈ రెండింటికీ మధ్య తేడా 0.1 మిల్లీవోల్టు, అంటే ఒక వోల్టులో పదివేలో వంతు. ఎలక్ట్రోడ్ అర సెంటీమీటరు జరిగినా, చర్మం మీద జిడ్డు సరిగ్గా తుడవకపోయినా అంత తేడా రావచ్చు. ఇంకా విచిత్రం, జబ్బు పక్కని అసలు ముట్టుకోకుండానే గీత దాటొచ్చు. జబ్బు పక్క 0.22 దగ్గరే ఉంచి మంచి పక్క ఎలక్ట్రోడ్‌ని సర్దితే అక్కడ 2.0 బదులు 2.4 వచ్చిందనుకోండి, నష్టం 89 నుంచి దాదాపు 91కి ఎక్కుతుంది. నరానికి ఏమీ కాలేదు, భాగహారం మారింది అంతే.

దీనికి తోడు, కరెంటు గట్టిగా పెడితే పక్కనున్న నమిలే కండరం కూడా బిగుసుకుంటుంది. అది వేరే నరం కింద పనిచేసే కండరం, దానికి జబ్బే లేదు. దాని అల ముఖ కండరాల అలలో కలిసిపోతే లేని బలం ఉన్నట్టు కనిపిస్తుంది. అనుభవం ఉన్న టెక్నీషియను అల ఆకారం చూసి పసిగడతాడు. కొత్తవాడు అంకె రాసేసుకుంటాడు. పైగా ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కూడా రెండు పక్కలా అల ఒక్కలా ఉండదు. అంటే ఏ రెండో పక్కని కొలబద్దగా పెట్టుకున్నామో అదే కచ్చితమైన కొలబద్ద కాదు.

ఇన్ని చెప్పాక "అయితే ఇదంతా వృథా" అనడం తేలిక. నేను అనను. నష్టం 40 శాతమా 98 శాతమా అన్నది ఈ టెస్టు చక్కగా తేల్చగలదు. 89, 91 మధ్య తేడా తేల్చలేదు. గేజి సంగతీ అంతే: టైరులో గాలి ఉందో లేదో చెప్పే గేజితో మిల్లీబార్లు లెక్కపెట్టకూడదు.

ఆ అంకెతో ఏం చేస్తారు?

నాకు అన్నిటికంటే గట్టిగా తోచే అభ్యంతరం ఇది. బెల్స్ పాల్సీలో పనిచేస్తుందని గట్టిగా రుజువైన మందు స్టెరాయిడ్. 2007లో స్కాట్లండ్‌లో 551 మంది మీద జరిగిన పరీక్షలో మూడు నెలలకి ప్రెడ్నిసలోన్ తీసుకున్నవాళ్లలో 83 శాతం పూర్తిగా కోలుకున్నారు, తీసుకోనివాళ్లలో 63.6 శాతం. తొమ్మిది నెలలకి 94.4, 81.6. (ఇక్కడి 83కీ మా పిన్ని 83కీ ఏ సంబంధమూ లేదు, బాబాయి ఒకసారి రెండూ కలిపేశాడు.) ఆ మందు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి. కరెంటు టెస్టు నోరు విప్పేదే 72 గంటల తర్వాత. టెస్టుకి మాట వచ్చేసరికి మందు తలుపు మూసుకుంటోంది! కాబట్టి మందు ఇవ్వాలా వద్దా అన్నది ఈ టెస్టు ఎప్పటికీ తేల్చలేదు.

మరి ఏం తేలుస్తుంది? ఆపరేషన్. ఎముక తొలిచి నరం మీది ఒత్తిడి తీసే శస్త్రచికిత్స. అయోవా విశ్వవిద్యాలయానికి చెందిన గాంట్జ్ బృందం 1999లో ప్రచురించిన ఫలితాలే ఇప్పటికీ అందరూ చూపేవి. నష్టం 90 శాతం దాటి, సూది పెట్టి చూసినా కండరంలో స్వచ్ఛందంగా ఏ కదలికా లేనివాళ్లకి పద్నాలుగు రోజుల్లోపు ఆపరేషన్ చేస్తే 91 శాతం మంది బాగా కోలుకున్నారు. ఆపరేషన్ వద్దని స్టెరాయిడ్‌తోనే ఉన్నవాళ్లలో 42 శాతం. తేడా పెద్దదే. కానీ ఎవరికి ఆపరేషన్ అన్నది చీటీ తీసి తేల్చలేదు, రోగులే ఎంచుకున్నారు. పైగా పుర్రె తెరిచి మెదడు పక్కగా వెళ్లే ఆపరేషన్ అది, వినికిడి పోయే ప్రమాదం ఉంది. అమెరికా ఈఎన్‌టీ వైద్యుల అకాడమీ 2013 మార్గదర్శకాల్లో ఆపరేషన్ మీద ఎటూ సిఫారసు చేయకుండా వదిలేసింది.

ఆ 42ని నేను ఇంకోలా కూడా చూస్తాను. టెస్టు "ఇక కష్టం" అన్నవాళ్లలో, ఆపరేషన్ లేకుండానే పదిమందిలో నలుగురు బాగయ్యారు. ఈ టెస్టు చెప్పే చెడ్డ వార్తని విధిరాతలా వినిపించకూడదు అనడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఆపరేషన్ ఆలోచనే లేని చోట, ముఖం కొంచెమైనా కదులుతున్న మనిషికి ఈ టెస్టు ఎందుకు? అవే 2013 మార్గదర్శకాలు ముఖం పూర్తిగా పడిపోనివాళ్లకి కరెంటు టెస్టు చేయొద్దని చెప్పాయి, పూర్తిగా పడిపోతే కావాలంటే చేయొచ్చన్నాయి. కోపెన్‌హాగన్‌లో పైటర్సన్ పాతికేళ్లపాటు ఏ మందూ ఇవ్వకుండా గమనించి 2002లో ప్రచురించిన లెక్కల్లో, ముఖం పూర్తిగా పడిపోనివాళ్లలో 94 శాతం మంది మామూలుగా అయ్యారు. పూర్తిగా పడిపోయినవాళ్లలో 61 శాతం. అద్దం ముందు నవ్వమని, కళ్లు గట్టిగా మూయమని అడిగితే వచ్చే సమాచారం అది. ఖర్చు సున్నా. మా పిన్నికి తొమ్మిదో రోజున కూడా నవ్వితే ఎడమ పెదవి చివర వెంట్రుకవాసి కదిలేది. ఆ కదలిక ఎవరూ రాయలేదు, 83 అన్న అంకెని మాత్రం అందరూ కంఠతా పట్టారు.

డాక్టరుగారి వాదన

మా కాలనీలో ఉండే ఒక న్యూరాలజిస్టుతో వాకింగ్‌లో ఈ విషయం మీద చాలాసార్లు వాదించాను. ఆయన మాటల్లో బలం ఉంది. "నువ్వు గేజిలకి సర్టిఫికెట్లు ఇస్తావు, గేజి ఏడవదు. నా ఎదురుగా కూర్చున్నవాడికి పెళ్లి నెలరోజుల్లో ఉంటుంది. మూడు వారాల్లో తగ్గుతుందా, ఆరు నెలలా అని అడుగుతాడు. కదలిక అస్సలు లేనివాడికి అద్దం ఏం చెబుతుంది? ఆరో రోజున నష్టం 30 శాతమే అని వస్తే నేను ధైర్యంగా చెప్పగలను, వాడు ఇంటికెళ్లి నిద్రపోతాడు" అన్నారు.

ఇది కాదనలేను. పూర్తిగా పడిపోయిన ముఖంలో మొద్దుబారిన నరానికీ చచ్చిపోతున్న నరానికీ తేడా చూపించేది ఈ టెస్టే, కంటికి అది కనపడదు. చెవిలో పొక్కులతో వచ్చే రామ్సే హంట్ సిండ్రోమ్‌లో, యాక్సిడెంటులో చెవి దగ్గర ఎముక విరిగి అప్పటికప్పుడే ముఖం పడిపోయిన కేసుల్లో దీని విలువ ఇంకా ఎక్కువ. ఆయనతో నా గొడవ ఒక్కటే. మంచి వార్త చెప్పడానికి వాడితే సరే. చెడ్డ వార్త చెప్పడానికి వాడేటప్పుడు రెండుసార్లు, రెండు మూడు రోజుల తేడాతో కొలవాలి. నష్టం ఎంత అన్నదానికంటే ఎంత వేగంగా పెరుగుతోంది అన్నది ఎక్కువ చెబుతుందని జ్యూరిచ్ వాళ్లు మొదటి నుంచీ అంటున్నదే. "రెండోసారి రమ్మంటే డబ్బు గుంజుతున్నాడంటారు" అన్నారాయన. అదీ నిజమే. అయితే మొదటిసారే సరైన రోజున చేయండి అన్నాను. "రోజు నేను నిర్ణయిస్తానా? వాళ్లే చేయించుకుని రిపోర్టుతో వస్తారు" అన్నారు. ఆయనకి కోపం వచ్చింది నా మీద కాదని అర్థమైంది.

ఇంకో చిక్కు కూడా ఆయన చెప్పిందే. మన దగ్గర "కరెంటు పెట్టించుకోవడం" అంటే ఫిజియోథెరపీ. రోజూ వెళ్లి ముఖానికి పెట్టించుకునే వైద్యం. టెస్టులోనూ కరెంటే, చెవి కింద టక్కుమని కొడుతుంది, మూతి ఎగురుతుంది. మా పిన్ని పక్కింటావిడతో చెప్పిన మాట: "ల్యాబులో ఒక్కసారి పెట్టారమ్మా, కాస్త సర్దుకున్నట్టే ఉంది. ఇంకో నాలుగుసార్లు పెడితే పోతుందేమో." ఆ రెండో టెస్టు చేయించుకోవడానికి ఆమె అంత తేలిగ్గా ఒప్పుకోవడానికి కారణం ఇదేనని తర్వాత తెలిసింది. అది వైద్యం కాదు, కొలత మాత్రమే అని ఆమెకి చెప్పినవాళ్లు లేరు. వైద్యంగా పెట్టే కరెంటు కూడా కోలుకోవడాన్ని పెంచుతుందనడానికి గట్టి రుజువు లేదు, అది వేరే వ్యాసం.

పిన్ని మూడు నెలలు తిరిగేసరికి చాలావరకు బాగైంది. ఇడ్లీ నములుతుంటే ఎడమ కన్ను కొద్దిగా చిన్నదవుతుంది, నరపు పోగులు తిరిగి పెరిగేటప్పుడు కొన్ని దారి తప్పి వేరే కండరానికి చేరడం వల్ల. చెబితే తప్ప కనపడదు. ఆ 83 శాతంలో ఈ కన్ను గురించి ఒక్క ముక్కా లేదు.

సూది టెస్టు సంగతి వేరు

ఇప్పటిదాకా తిట్టినదంతా మొదటి రెండు వారాల్లో చర్మం మీద ఎలక్ట్రోడ్లు అంటించి చేసే టెస్టుని. కండరంలోకి సన్నటి సూది దించి చేసే ఈఎంజీని దానితో కలిపి కొట్టేయకండి. అందులో శాతాలు ఉండవు, భాగహారం ఉండదు. మనిషిని నవ్వమంటారు. కండరం ఒక్క సంకేతం ఇచ్చినా తెర మీద గీత లేస్తుంది, స్పీకరులో చప్పుడు వినపడుతుంది. అంటే నరం ఇంకా తెగిపోలేదు. కదలిక కంటికి కనపడటానికి ముందే నరం తిరిగి పెరుగుతోందని కూడా ఆ గీతల ఆకారం చెబుతుంది.

మూడు నాలుగు నెలలైనా ముఖంలో ఏ కదలికా రానివాళ్లకి దీని మీద నిజంగానే ఒక నిర్ణయం ఆధారపడి ఉంటుంది. ముందు, బెల్స్ పాల్సీ అనుకున్నది నిజంగా అదేనా, నరం మీద గడ్డ ఏదైనా ఉందా అని స్కాన్ తీయాలి. సూదిలో తిరిగి పెరుగుతున్న జాడ కనిపిస్తే ఆగొచ్చు. ఏమీ లేకపోతే నాలుక నరం నుంచో నమిలే కండరం నరం నుంచో పోగులు తెచ్చి కలిపే ఆపరేషన్ గురించి మాట్లాడాలి. ఏడాది, ఏడాదిన్నర దాటితే నరం లేని కండరం కృశించిపోయి ఆ దారి మూసుకుంటుంది. అక్కడ గడువు ఉంది, చేయడానికి పని ఉంది, టెస్టు జవాబుని బట్టి ఆ పని మారుతుంది. నా స్నేహితుడు పంపిన రిపోర్టు వాళ్ల నాన్నగారికి అయిదో నెలలో తీసినది, ముఖంలో ఇప్పటికీ చలనం లేదు. ఆయనకి నేను ఇచ్చిన జవాబు ఇదే: అందులోని శాతాన్ని పక్కన పెట్టు, ఈ వారంలోనే సూది టెస్టు, స్కాన్ రెండూ అడుగు.